గార్డు గారి పది సెకన్లు

గురజాల,
4 ఆగస్టు 1986.

గౌరవనీయులైన ఇమాం సాహెబ్ గారికి,

నమస్కారాలు. నేనెవరో మీకు తెలియదు. నా పేరు యశోద. ఇక్కడి హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరి పదకొండు నెలలైంది. చిన్నప్పటి నుంచీ కబడ్డీ ఆడినదాన్ని. బాస్కెట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. అయినా నవంబరులో నరసరావుపేటలో జరిగే ఆడపిల్లల పోటీలకు నన్ను రెండో రిఫరీగా వేశారు. ఆడపిల్లల ఆటకు ఒక ఆడ రిఫరీ ఉండాలని పైనుంచి కాగితం వచ్చిందట.

మొదటి రిఫరీ నరసింహారావు గారు, చాలా సీనియరు. నా పనేమిటని వెళ్లి అడిగితే, "ఏం లేదమ్మా, విజిలు మెళ్లో ఏసుకొని గీత పక్కన నిలబడు. లెక్కలూ గిక్కలూ నేను జూసుకుంటా" అన్నారు. కబడ్డీలో గీత పక్కన నిలబడేది అవుటైనవాళ్లు. అందుకే ఆ మాట నాకు మింగుడుపడలేదు.

మా హెడ్మాస్టరు గారు మీ పేరు చెప్పారు. "నడికుడిలో ఇమాం సాహెబ్ గారని ఉండాడు. రైల్వేస్‌లో చానా ఏళ్లు గార్డు. ఆయన్ని అడుగు" అన్నారు. ఎక్కడ నిలబడాలి? సెకన్లు ఎలా లెక్కపెట్టాలి? విజిలు ఎలా వేయాలి? ఈ మూడూ చెబితే మీ మేలు మరచిపోను.

ఇట్లు,
యశోద

తా.క. పదిహేను పైసల కార్డు మీద పట్టక కవరు కొన్నాను. జవాబు కార్డు మీదైనా చాలు.


నడికుడి,
17 ఆగస్టు 1986.

టీచరమ్మ యశోద గారికి,

ఇమాం సాహెబ్ సలాం. ఇక్కడ మనుషులమంతా బాగున్నాం, బళ్లు మాత్రం లేటు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ హెడ్మాస్టరు చెప్పింది నిజమే, ముప్పై ఒక్క ఏళ్లు గార్డుగా చేశాను. బంతి సంగతి నాకేమీ తెలియదు, అది మీరే చూసుకోవాలి. నిలబడటం, లెక్కపెట్టడం, విజిలు అడిగారు కనుక అవి చెబుతాను. అవి తప్ప ఇంకేమీ చేయలేదు నేను.

అందరూ ముందుండాలనుకుంటారు. ముందున్నవాడికి దారి కనపడుతుంది, వెనకున్నవాడికి మొత్తం కనపడుతుంది. మీరు వెనకే ఉండండి. నడుస్తున్నదానికి కొంచెం ఎడమ పక్కకు జరిగి చూడండి. నేరుగా వెనకుంటే వీపులు తప్ప ఏమీ కనపడవు.

చెయ్యి ఊపితే భుజం నుంచి ఊపాలి. మోచేతి నుంచి ఊపితే ఈగలు తోలుకుంటున్నారనుకుంటారు. అంత దూరాన ఉన్న చివరివాడికీ కనపడాలి.

లెక్క గుండెను అడగొద్దు. భయమేస్తే గుండె తొందరపడుతుంది. అంకెకూ అంకెకూ మధ్య నేను 'బిస్మిల్లా' అనుకునేవాణ్ణి. మీరు 'రామా' అనుకోండి. అది చిన్న మాట కాబట్టి రెండుసార్లు అనుకోండి.

విజిలు ఒక్కసారే, నిండుగా. వేశాక మళ్లీ ఆలోచించకూడదు.

ఇట్లు,
షేక్ ఇమాం సాహెబ్

తా.క. ముఖ్యమైనది మరచాను. ప్రమాదం జరిగితే వెంటనే వెనక్కి ఆరు వందల మీటర్లు పరుగెత్తి టపాకాయలు పెట్టాలి. ఇది చేయక ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను ఎరుగుదును.


గురజాల,
28 ఆగస్టు 1986.

పూజ్యులైన బాబాయి గారికి,

అలా పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం చదివాక 'గారు' ఒక్కటే సరిపోలేదు.

బంతి సంగతి తెలియదని మీరు రాసిన మాట స్టాఫ్ రూములో చదివి వినిపించాను. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, "అంత ఆడినోడు ఆ మాటన్నాడంటే, అదీ పెద్దరికం" అన్నారు. గుంటూరు నుంచి రూల్సు పుస్తకం తెప్పించాను. అందులోనూ అదే ఉంది: ఇద్దరు రిఫరీల్లో ఒకరు బంతిని చూస్తుంటే రెండోవారు బంతిని వదిలి మనుషుల్ని చూడాలట. ఇంకా ఆశ్చర్యం, వెనకుండే రిఫరీ బంతికి కొంచెం ఎడమ పక్కన ఉండాలని కూడా ఉంది. మీరు పుస్తకం చూడకుండానే రాశారు.

నాకు అర్థమైంది రాస్తాను, తప్పుంటే దిద్దండి. ముందుండే రిఫరీ బుట్ట కింద, చివరి గీత అవతల నిలబడతారు. బుట్ట ముందు గీసిన చోట బంతి చేతిలో ఉన్న జట్టు పిల్ల మూడు సెకన్లకు మించి తిష్ఠ వేస్తే ఆయన పట్టుకోవాలి. వెనకుండే రిఫరీ పది సెకన్లు లెక్కపెట్టాలి. బంతి దొరికిన జట్టు పది సెకన్లలో సగం గీత దాటాలి. బయట నుంచి బంతి విసరడానికి ఐదు సెకన్లు; బంతి చేతికిచ్చిన రిఫరీదే ఆ లెక్క. పెద్ద పోటీల్లో ముప్పై సెకన్లలోపు బుట్టకేసి విసరాలని చూడటానికి బల్ల దగ్గర వేరే మనిషి ఉంటాడట. మా బడి ఆటల్లో ఈ అందరి పనీ నేనొక్కదాన్నే. ఒక్కరే ఉన్నప్పుడు ఏం చేయాలి?

పుస్తకంలో గార్డు బొమ్మ వేశారు. చూసినప్పుడల్లా మీరే గుర్తొస్తున్నారు. మీ నంబరు ఎంత అని పిల్లలు అడగమన్నారు.

మీ కుమార్తె వంటి,
యశోద

తా.క. మా కోర్టు పొడవు ఇరవై ఆరు మీటర్లు. ఆరు వందల మీటర్లు వెనక్కి పరుగెత్తితే పోలీసు స్టేషను వస్తుంది. టపాకాయల మాట హాస్యానికి రాశారని హెడ్మాస్టరు గారంటున్నారు.


నడికుడి,
14 సెప్టెంబరు 1986.

అమ్మాయి యశోదకు,

బాబాయి ఆశీస్సులు. గార్డు బొమ్మ పుస్తకంలో వేశారంటే చాలా సంతోషం. మమ్మల్ని ఎవరూ బొమ్మ వేయరు. ఎప్పుడు చూసినా ఇంజను బొమ్మే వేస్తారు.

నా నంబరు పద్నాలుగు. ఇప్పటికీ పెట్టె మీద ఎర్ర రంగుతో ఉంది.

ఒక్కరే ఉన్నప్పుడు అన్నీ లెక్కపెట్టబోతే అన్నీ తప్పుతాయి. ఏది వదిలేస్తే ఎక్కువ నష్టమో అది ముందు చూడు. ఇద్దరున్నప్పుడు మాత్రం ముందువాడి లెక్క ముందువాడిదే. నువ్వు మూడులో వేలు పెట్టకు, వాణ్ణి పదిలో వేలు పెట్టనివ్వకు. ముందుండేవాడికి వెనకున్నవాడంటే ఎప్పుడూ చులకనే. నా సర్వీసంతా అదే చూశాను. కానీ వెనకున్నవాడు పచ్చజెండా ఊపితేనే ముందున్నవాడు కదలాలి.

బల్ల దగ్గర కూర్చునేవాడంటావా, వాడు స్టేషను మాస్టరు లాంటివాడు. వాడితో తగువు పెట్టుకోవద్దు.

టపాకాయలు హాస్యం కాదమ్మా.

ఇట్లు,
ఇమాం సాహెబ్

తా.క. మా ఆవిడ బషీరున్నీసా ఈ ఉత్తరం చదివించుకుని విని, "ఆ పిల్ల అడిగేదేంది, నువ్వు చెప్పేదేంది" అంటోంది. ఆమెకు ఆటలు తెలియవు.


గురజాల,
2 నవంబరు 1986.

పూజ్యులైన బాబాయి గారికి,

ఈ నెల పదహారు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి నరసరావుపేటలో ఫైనలు. మీరు తప్పకుండా రావాలి.

ఒక సంగతి ముందే చెప్పాలి. హెడ్మాస్టరు గారు కరపత్రం అచ్చు వేయించారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ముఖ్య అతిథి: రైల్వేస్ బాస్కెట్‌బాల్ జట్టు పూర్వపు గార్డు, 14వ నంబరు ఆటగాడు జనాబ్ షేక్ ఇమాం సాహెబ్ గారు." శాలువా కొన్నారు. మీరు పిల్లలకు బంతి ఎలా తీసుకుపోవాలో రెండు నిమిషాలు ఆడి చూపిస్తారని కూడా వేశారు.

నాకు చాలా భయంగా ఉంది. నరసింహారావు గారు, "నువ్వు పది లెక్కబెడితే ఎవురు నమ్ముతారమ్మా, ఊరికే నిలబడు" అని మళ్లీ అన్నారు. మీరు వచ్చి ఎక్కడో ఒకచోట కూర్చుంటే చాలు.

మీ
యశోద

తా.క. మోకాళ్ల నొప్పులుంటే ఆడక్కర్లేదు. చూపు ఆనకపోతే చూడక్కర్లేదు. రండి.


నడికుడి,
18 నవంబరు 1986.

అమ్మాయి యశోదకు,

ఈ ఉత్తరం చదివాక నువ్వు నన్ను బాబాయి అని పిలుస్తావో లేదో తెలియదు.

అమ్మా, నేను గూడ్సు బండి గార్డును. బాస్కెట్‌బాల్ గార్డును కాను. ఆటలో బంతి తీసుకుపోయేవాణ్ణి కూడా గార్డంటారని నీ కరపత్రం సంగతి చదివేదాకా తెలియదు. పద్నాలుగు నా బనీను నంబరు కాదు, జెండాలూ దీపమూ పెట్టుకునే పెట్టె నంబరు. టపాకాయలు వెనక వచ్చే బండిని ఆపడానికి పట్టాల మీద పెట్టేవి. వెంటనే రాయాల్సింది. నాలుగుసార్లు కాగితం తీశాను. బషీరున్నీసా, "రాసేదేంది, పోయి మొగం మీద చెప్పు. ఆ పిల్ల ఒక్కతే నిలబడుతుంటే ఉత్తరం రాస్తావా" అంది. అందుకని ఇద్దరం వచ్చాం. శాలువా చూసి ధైర్యం చాలక చివరి వరుసలో, సోడాల బండి పక్కన కూర్చున్నాం. హెడ్మాస్టరు గారు మైకులో నా పేరు మూడుసార్లు పిలిచినప్పుడు నేను చెప్పు వారు సరిచేసుకుంటున్నాను.

ఆ ఆట చూడటం నాకదే మొదటిసారి. బంతి ఎటు పోతోందో నాకు అందలేదు. నిన్నే చూస్తూ కూర్చున్నాను. బంతి ఇటు వస్తే నువ్వు బుట్ట కిందికి పోతున్నావు, అటు పోతే వెనకపడుతున్నావు, ఎడమ పక్కగానే.

ఆఖరి నిమిషం సంగతి నీకు తెలుసు, అయినా నాకు కనపడినట్టు రాస్తాను. నరసరావుపేట పిల్లలు మాచర్ల పిల్లల కంటే ఒక్క పాయింటు ముందున్నారు. బంతి వాళ్ల దగ్గరే ఉంది. సగం గీత దాటకుండా అక్కడక్కడే తిప్పుతున్నారు. నువ్వు వెనక నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టావు, భుజం నుంచి. ఆ ఊపు సోడాల బండి దాకా కనపడింది. నీ పెదాలు కూడా కదులుతున్నాయి, రెండేసి సార్లు. పది కాగానే ఒక్క విజిలు.

నరసరావుపేట జట్టు తరఫు పెద్దమనిషి, ఆ ఖద్దరు చొక్కాయన, కోర్టులోకి వచ్చేశాడు. "ఏందమ్మా, నువ్వు పదంటే పదేనా? ఎవురు లెక్కబెట్టారు?" అన్నాడు. నరసింహారావు గారు బుట్ట వంక చూస్తున్నారు. నువ్వు విజిలు చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడ్డావు. నేను లేవాలి. లేచింది బషీరున్నీసా.

"నేను లెక్కబెట్టా" అంది. ఇంట్లో నన్ను పిలిచే గొంతే. "పదిసార్లు చెయ్యూపింది. తొమ్మిది గాదు, పది."

"నీకేం తెలుసమ్మా లెక్క?" అన్నాడాయన.

"మా ఆయన బండి వచ్చేటప్పుడు గేటు కాడ నిలబడి పెట్టెలు లెక్కబెట్టినదాన్ని. నలభై పెట్టెలు పోతే ఆఖరున ఈయన అగపడేవాడు. ముప్పై ఏళ్లు లెక్కబెట్టా. నాకు పది రాదా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. "మీ ఆయనేం జేస్తాడు?"

"గార్డు. గూడ్సు బండి గార్డు. ఇడుగో, చెప్పు సరిజేసుకుంటా ఉండాడు."

వేదిక మీద హెడ్మాస్టరు గారు శాలువాను మళ్లీ మడతపెట్టడం చూశాను. అప్పుడు నరసింహారావు గారు వచ్చి, "పదే. ఆమె లెక్క సరైందే. బంతి మాచర్లకియ్యండి" అన్నారు.

అంత గొడవా జరిగాక మాచర్ల పిల్ల విసిరిన బంతి బుట్ట అంచుకు తగిలి బయట పడింది. నరసరావుపేటే గెలిచింది. ఆ ఖద్దరు చొక్కాయన నీకు సోడా తెచ్చిచ్చాడు. నువ్వు తాగే లోపల మేం బస్సెక్కేశాం.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. రిటైరై ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వు ఒకేసారి మూడు అడిగావు. పొరపాటున అడిగినా సరే, అల్లా నిన్ను చల్లగా చూడాలి.

ఇట్లు,
షేక్ ఇమాం సాహెబ్, రిటైర్డు గూడ్సు గార్డు

తా.క. శాలువా వెనక్కిచ్చేస్తే షాపువాడు తీసుకుంటాడా? నా వల్ల నష్టం రాకూడదు.


గురజాల,
27 నవంబరు 1986.

బాబాయి గారికీ, పిన్ని గారికీ,

పాదాభివందనాలు.

మీరు క్షమించమని అడగలేదు కానీ అడిగినంత పని చేశారు. అడగాల్సింది నేను. మీరు ఆట గార్డు కాదని, రైలు గార్డని నాకు సెప్టెంబరు మొదటి వారం నుంచే తెలుసు.

ఆగస్టులో మీకు రాసిన రోజే, ఉత్తరం దారి తప్పుతుందేమోనని ఇంకో కాపీ రైల్వే ఆఫీసు పేరు మీద పంపాను. అది తిరిగి తిరిగి అసలు బాస్కెట్‌బాల్ ఇమాం సాహెబ్ గారికి చేరింది. ఆయన వేరే ఊళ్లో ఉన్నారు. కార్డు మీద రెండే వాక్యాలు రాశారు: "ఈ పని ఆడవారికి చేతకాదు. స్కోరు పుస్తకం రాయడం నేర్చుకోగలరు." ఆయన కార్డూ, మీ ఉత్తరమూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. ఆయనకు ఆట తెలుసు. మీకు నిలబడటం తెలుసు. నాకు రానిది ఆట కాదు, అది పుస్తకంలో ఉంది. నాకు రానిది నిలబడటమే. ఆ కార్డు పొయ్యిలో వేసి, మీ జవాబు కోసం ఎదురుచూశాను.

నిజం చెబితే మీరు రాయడం మానేస్తారేమోనని చెప్పలేదు. హెడ్మాస్టరు గారికీ చెప్పలేదు. కరపత్రం అచ్చయ్యాక చెప్పే ధైర్యం లేకపోయింది. మిమ్మల్ని చెప్పులు సరిచేసుకునే స్థితికి తెచ్చింది నేనే. దానికి మీరిద్దరూ నన్ను క్షమించాలి.

ఆ పది సెకన్లలో నాకు అందరూ మసకగా కనపడ్డారు. ఆ పెద్దమనిషి మీదికొచ్చినప్పుడు విజిలు వేసి తప్పు చేశానా అని ఒక్క క్షణం అనిపించింది. పిన్ని గారి గొంతు వినపడింది. ఆమె ఎవరో నాకు అప్పుడు తెలియదు. చివరి వరుసలో కూడా ఎవరో నా చెయ్యి చూశారని మాత్రం తెలిసింది. దానికి కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు రావడం లేదు. అందుకే హెడ్మాస్టరు గారూ నేనూ వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాం. ఆయన శాలువా తెస్తున్నారు. "ఏ గార్డైతే ఏందమ్మా, పిల్లని గార్డు జేశాడుగా" అన్నారు.

మీ కుమార్తె,
యశోద

తా.క. ఫిబ్రవరిలో మాచర్లలో పెద్ద పోటీలున్నాయి. బల్ల దగ్గర కూర్చుని ముప్పై సెకన్లు చూడటానికి, ఎవరికీ భయపడని, లెక్క తప్పని మనిషి కావాలి. నరసింహారావు గారు తానే ఒక పేరు సూచించారు, కమిటీ ఒప్పుకుంది. ఆర్డరు కాగితం ఆదివారం నాతో తెస్తాను. అది బషీరున్నీసా గారి పేరు మీద ఉంది. మీకు మాత్రం ప్రేక్షకుల్లో కుర్చీ వేయిస్తాను బాబాయి, వెనక వరుసలో, కొంచెం ఎడమ పక్కగా.