లక్ష్మి పేరు మీద టికెట్టు

గురువారం రాత్రి, గల్ఫ్‌లోని సబ్హాన్

లాటరీలో మూడో బహుమతి తగిలింది. పెళ్లిరోజు కదా అని టికెట్టు లక్ష్మి పేరు మీద కొన్నాను. అదే తప్పయిందేమో! మా గోడౌన్‌లో లెక్కలు చూసే ఖాదర్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఈడ పన్ను లేదు. నీ పేరయితే మొత్తం నీకే వచ్చేది. ఆయమ్మ కడపలో ఉండాది కదా, ఆడ నూటికి ముప్పై పైనే కట్టాల. పేరు మారుస్తారేమో అడుగుప్పా."

లక్ష్మికి ఫోన్‌లో చెప్పాను.

"పన్ను పోతే పోనీలే. నా పేరు మాత్రం తీసేయొద్దు. ఇంతవరకు నా పేరు మీద ఏముండాది?"

పదిహేనేళ్ల కాపురంలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. సగంలో ఆగిన ఇల్లు పూర్తి కావాలంటే ప్రతి దినారూ కావాలి. రేపు లాటరీ ఆఫీసుకు ఫోన్ చేసి నేను ఏమని అడగాలి?