మా చెల్లెలికి నేను వేసిన దొంగ మార్కులు

మానసిక వైద్యశాల పర్యవేక్షణాధికారి గారికి, పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బైపోలార్ జబ్బుతో ఉన్న మా చెల్లెలి పేరును చికిత్స జాబితాలో తిరిగి చేర్చుట గురించి.

1. తమ వైద్యశాలలో ఉదయం తలపై అయస్కాంత యంత్రము పెట్టి మెదడును తట్టిలేపు చికిత్స, వెంటనే పక్క గదిలో ఎనిమిదిమంది రోగులు గుండ్రంగా కూర్చొని మాట్లాడుకొనుట, రెండూ కలిపి ఆరు వారాలు జరుపుదురు. ఇరవై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మా చెల్లెలు, ఒక నెల నిద్ర మాని లోకాన్నే దిద్దబోయి, ఆపైన గోడవైపు తిరిగి పడుకొన్నది. అందుచేత చేర్పించితిని.

2. గుండ్రంలో ఆమె ఎనిమిది రోజులు నోరు విప్పలేదు. అక్కడి లారీ డ్రైవరు, "అక్కా, మాట్లాడకపోతే మానెయ్, లేచి మాత్రం వెళ్ళిపోకు" అన్నాడట. తొమ్మిదో రోజు, ఇంట్లోవాళ్ళకు ముఖం చూపించలేకపోతున్నానని అతడు చెప్పగా, మా చెల్లెలు "నాకూ అంతే" అన్నదని నర్సమ్మ వచ్చి చెప్పినది. ఆ రెండు మాటల కోసం ఐదు నెలలు ఎదురుచూశాను అయ్యా. వరండా బల్లమీద కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

3. రోజూ తన మనఃస్థితికి పదికి ఇన్నని రోగి మార్కులు వేయవలసిన కాగితము కలదు. ఆమె కలం పట్టలేదు గనుక నేను వేసితిని. తప్పు నాదే. అత్తెసరు పిల్లలను ముప్ఫై ఏళ్ళు గట్టెక్కించిన చెయ్యి. తక్కువ వేస్తే గుణం లేదని సీటు పోవునేమోనని భయము. రెండు వేయవలసినచోట నాలుగు వేశాను, తరువాత ఆరు, మూడో వారానికి ఎనిమిది. తమ కార్యాలయము ఆ ఎనిమిది చూచి, మెరుగుపడినదని ముద్ర వేసి, ఆమె కుర్చీని మరొకరికి ఇచ్చినది. ఆమె నోటిదాకా వచ్చిన మాటను చేజేతులా నేనే లాగేశాను.

4. అది జరిగి నెల. మళ్ళీ గోడవైపే. యంత్రము ఒక్కటైతే చూద్దామని గుమాస్తా గారన్నారు. యంత్రము తట్టిలేపుతుంది గానీ, లేచిన మనిషిని పలకరించేవాళ్ళు ఆ గుండ్రంలోనే ఉన్నారు. రెండూ కావాలి. ఆ మార్కులన్నీ రద్దుచేసి, శిక్ష నాకు వేయండి, సీటు ఆమెకివ్వండి. నేటి స్థితికి నిజాయితీగా నేను వేయు మార్కు: మూడు.

కావున ఈ అన్న మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రోగి అన్నయ్య

తా.క.: తప్పులుంటే చూడమ్మా అని ఈ అర్జీని ఆమె మంచం మీద పెట్టి వచ్చాను. ఆశతో కాదు, అలవాటుకొద్దీ. తిరిగి వచ్చి చూస్తే, 'మూడు' కొట్టేసి ఎర్ర కలంతో 'ఒకటి' అని వేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, "మళ్ళీ ఎక్కువేశావు అన్నయ్యా." సాపు ప్రతి రాయడానికి చెయ్యి రాలేదు. అలాగే పంపుతున్నాను.