పాలెం బావి ప్రశ్నకు సభలో వచ్చిన జవాబు

మద్రాసు

చిరంజీవి తమ్ముడు కోటయ్యకు అన్న సుబ్బయ్య దీవెనలు.

మరదలు, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. పెట్టుకునేవాడివి కాదని తెలుసు.

ఇక్కడ ఒకటే ఉక్క. పొద్దున రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాను, తర్వాత అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. సాయంత్రం మాట్లాడటానికి మనిషి లేడు. ఊళ్ళోనూ లేడు గనుక అలవాటే. శాసనసభ చర్చలు అచ్చయ్యేది మా దగ్గరే, అందువల్ల అప్పుడప్పుడు సభ చూడటానికి పాసు దొరుకుతుంది.

నీ ఉత్తరం అందింది. పాలెంలో మంచినీళ్ళ బావికి సర్కారు ఒప్పుకుందని, మన మెంబరును బొల్లాపల్లి నుంచి మేళంతో ఊరేగించి తెచ్చారని, దండ నువ్వే వేశావని రాశావు. మన బావి దగ్గర ఎవరైనా కడవలో పోస్తారా అని ఎదురుచూసే ఆ పాలెం వాళ్ళు, తామే తవ్వుకుంటామని పలుగులు తీస్తే, ‘సర్కారు తవ్విద్ది, ఆగండి’ అని ఆపావట.

మన మెంబరు వేసిన ఆ బావి ప్రశ్న వచ్చిన రోజు నేను సభలోనే ఉన్నాను.

అక్కడ మొదటి గంట ప్రశ్నలది. ప్రశ్న ముందే రాసి పంపాలి, దానికి నంబరు పడుతుంది. స్పీకరు పిలిస్తే మెంబరు లేచి ఆ నంబరు చెబుతాడు, మంత్రి జవాబు చదువుతాడు. అసలు పని ఆ తర్వాతే. జవాబు నచ్చకపోతే అప్పటికప్పుడు ఎందుకు, ఎప్పుడు అని నిలదీయవచ్చు. కూర్చున్నాడా, ఆ అవకాశం పోయినట్టే.

మన మెంబరు కండువా సర్దుకొని నంబరు చెప్పాడు. మంత్రి మెత్తని గొంతుతో ఇంగ్లీషులో చదివాడు: అలాంటి బావి తవ్వించే ఉద్దేశం ప్రభుత్వానికి లేదు. మనవాడు చేతులు జోడించి, “చానా సంతోషమండీ, మా వూరోళ్ళు మిమ్మల్ని మర్చిపోరు” అని కూర్చున్నాడు. సభ గొల్లుమంది. మనవాడూ నవ్వాడు. స్పీకరు తర్వాతి పేరు పిలిచాడు.

వరండాలో పట్టుకొని అడిగాను, మంత్రి ఏమన్నాడని.

“ఏంది పెద్దాయనా, వినబళ్ళా? బావి ఇచ్చేశారు. మీ తమ్ముడికి తంతి ఇయ్యబోతన్నా.”

“ఇవ్వండి” అన్నాను.

అప్పుడే నీకు రాసి ఉండవచ్చు. రాయలేదు. ఇంగ్లీషు రానివాడు ఆ సభలో ఏం చేస్తాడని ఎన్నికలప్పుడు నేనంటే, సత్రం అరుగు మీద పదిమందిలో నువ్వేమన్నావు? “ఒరేయ్, ఈయనకి పుస్తకాల పిచ్చి ముదిరింది, ఎవరన్నా ఇంటికి తోలుకపోండి!” నేను ఊరు వదిలింది ఆ మాటకే. నీ ఊరేగింపు అయ్యేదాకా ఆగాను. పాలెం వాళ్ళకు ఈ వేసవి పోయింది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, అంతమాత్రాన నీది తగ్గదు.

అక్కడ వదిలి వచ్చిన నా ఇంగ్లీషు నిఘంటువు పంపనక్కర్లేదు. మీ మెంబరుకు ఇవ్వు.

మంత్రి జవాబు అచ్చయిన పేజీని తెలుగు చేసి పాలెం బడి పంతులు దావీదుకు పంపాను. ఆదివారం ప్రార్థన కాగానే అందరికీ చదివి వినిపిస్తానని రాశాడు. ఇది నీకు చేరేసరికి చదివే ఉంటాడు.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పాలెం నుంచి ఎవరైనా నీ వాకిట్లోకి వస్తే, ముందు మంచినీళ్ళివ్వు.

నీ మేలు కోరే అన్న,
సుబ్బయ్య