దుకాణం కెమెరాలో మంగళవారం

చిరంజీవి శ్రీకాంత్‌కు అక్క రాస్తున్న సంగతి.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ కవరు అంటించి, మిర్యాలగూడ వస్తున్న మీ బావ చేతికి ఇస్తున్నాను. లోపల ఏముందో ఆయనకు తెలియదు.

మంగళవారం మా దుకాణం ముందు, మేళ్లచెరువు రోడ్డు మీద ఒక లారీ ఎర్రయ్య తాత గొర్రెలను తొక్కి, ఆగకుండా పోయింది. ఏడు చచ్చిపోయాయి. అది మా కెమెరాలో పడి ఉంటుందని ఆయన రోజూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. "బొమ్మ వచ్చిందా బిడ్డా?" అంటాడు. తెర నల్లగా ఉండి, వీడియో ఆడించే ప్లగిన్ లేదని చూపించేది. నిన్ను అడిగితే "అది రాదక్కా, ఇగ ఇడిసిపెట్టు" అన్నావు. నువ్వు ఎప్పుడూ అలా అనవు. ఇలాంటివి నాకు నేర్పిందే నువ్వు.

పాత బ్రౌజర్ వేసి, ప్లగిన్ తీసి మళ్లీ వేస్తే నిన్న వీడియో ఆడింది. లారీ వెనక నువ్వు రాయించిన నీ కూతురు భాగ్యశ్రీ పేరు ఉంది.

తాతకు బొమ్మ ఇంకా రాలేదనే చెప్పాను. "పరేషాన్ గాకు బిడ్డా, నిమ్మలంగ సూడు" అని నాకే ధైర్యం చెప్పాడు. ఎల్లుండి కోదాడ నుంచి కంప్యూటర్ మెకానిక్‌ను తీసుకొస్తాడట. వీడియో చెరిపెయ్యమని మాత్రం నన్ను అడగకు. ఆలోపు నువ్వే వచ్చి ఆయనకు చెప్పు. ఇంకోసారి అడిగితే, రాలేదని నేను అనలేను.

మీ అక్క