ఎర్రయ్య మూల

నవంబరు 3, సోమవారం
మళ్లీ ఆరుగురితోనే ఆడాం. గెలిచాం. భావనపాడులో ఒక్కడూ ఈల వేయలేదు. కబడ్డీ ఆగినా అందరి చూపూ ఆ ఎడమ మూల మీదే.
ఆ మూల ఎర్రయ్యది. వేటకెళ్లి వలతోపాటు సముద్రంలో పడ్డాడు. బోటు వచ్చింది, వాడు రాలేదు. శవమూ రాలేదు. అందుకే వాడి పెళ్లాం గౌరి గాజులు తీయలేదు, మేం ఆ మూలలో ఎవర్నీ నిలబెట్టలేదు. "ఆడి సోటులో ఇంకొకడ్ని నిలబెడితే ఆడ్ని మనమే పంపీసినట్టురా" అన్నాడు ఊరిపెద్ద. జట్టుకి మేనేజర్ని నేను. అయినా ఎదురు చెప్పలేదు.

నవంబరు 5
విచిత్రం. అవతలి జట్ల వాళ్లు కూతకొచ్చి ఆ మూలకు మాత్రం పోవడం లేదు. ఖాళీ ఉన్నచోటికి ఎగబడాలి కదా, వెధవలు. భయం. సగం కోర్టు మాకు ఊరికే మిగిలింది. చచ్చి కూడా మూల కాస్తున్నాడు —
కొట్టేశాను. ఆ మాట రాయకూడదు.

నవంబరు 8
మోకాలు సలుపు. కబడ్డీ లీగు మొదలైన కొత్తలో నన్ను వేలంలో కొనుక్కున్నారు, టీవీలో కనిపించాను. మెత్తటి మ్యాట్, కొత్త బూట్లు, పక్కన ఎవడో ఉత్తరాది వాడు. మంచి ఆటగాడే. చేతిలో చెయ్యి మాత్రం కుదిరేది కాదు.
ఎర్రయ్యది వల లాగి కాయలు కాసిన చెయ్యి. మా ఊరి జట్టులో మూలలో వాడు, పక్కన నేను. కూతగాడు అడుగు వేసేలోపు నా వేళ్లు నొక్కేవాడు... ఇప్పుడు, అని. మాట అక్కర్లేదు.
ఆ నొక్కు కోసం నా చెయ్యి ఇంకా ఎదురుచూస్తోంది. స్కూటర్ మీద ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా.

నవంబరు 11
విజయనగరం నుంచి పోటీ నడిపేవాళ్ల ఫోను. ఫైనల్‌కి ఏడుగురు దిగాల్సిందేనట. ఆరుగురైతే మ్యాట్ ఎక్కనివ్వరట.
కుర్రాళ్లు నా మొహం చూస్తున్నారు. గౌరి మొహం నేనెలా చూడను.

నవంబరు 12
వెళ్లాను. చేపలు ఎండబెడుతోంది. విని ఇంకో వరస చేపలు తిరగేసింది.
"ఏడో మనిషిగా నువ్వే దిగు బావా. నీ పాత సోటులో నిలబడు. ఆడి మూల వదిలీ."
"మోకాలు..."
"ఆడొచ్చినాక సూపించుకుందువుగాన్లే."
నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నవంబరు 15, విజయనగరం
గెలిచాం.
చివరి కూత. వచ్చినవాడికి భయం లేదు, నేరుగా ఎర్రయ్య మూలకే వెళ్లాడు. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి పక్కకు చాచాను.
ఎవరో వేళ్లు నొక్కారు.
దూకాను. పట్టేశాను. వాణ్ని ఎలా పడగొట్టానో గుర్తులేదు.

నవంబరు 16
ఎన్నిసార్లు కడిగినా చెయ్యి ఉప్పు వాసన. చెమట అయుంటుంది. చెమటే.

నవంబరు 17
గౌరి వచ్చింది. ఆట సెల్లులో చూసిందట.
"నీ ఎడం సెయ్యి మూసుకున్నాది బావా. ఒట్టి గాలిని ఎవులూ అలాగ పట్టుకోరు."
చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.
"ఒక్కటే సెప్పు. ఎచ్చగా ఉన్నాదా, సల్లగా ఉన్నాదా?"
గుమ్మం పట్టుకుని నిలబడింది. గాజులు కదలడం లేదు. నాకు తెలుసు, చెయ్యి పట్టుకున్న క్షణమే తెలిసింది.
రేపు చెబుతానన్నాను. సరేనని వెళ్లింది.
రేపు ఆ గాజుల ముందు ఏం చెప్పను...