పాత వీధి వెనక సందు

చోడవరం, 1954, కార్తీకం, మంగళవారం

పాత వీధిని ఎలా వెడల్పు చేయాలో చూడడానికి విశాఖపట్నం నుంచి ఇంజనీరు వచ్చాడు. చదువుకున్నదాన్నని పంచాయతీవారు నన్నూ పిలిచారు. ఇళ్ల వెనక సందు చూసి, "ఇది దేనికమ్మా?" అని అడిగాడు.

"దేనికీ కాదు. దాన్ని ఇళ్లలో కలిపేసి, ముందువైపు స్థలం వీధికి తీసుకోండి," అన్నాను. ఆయన మెచ్చుకుని పటంలో సందు కొట్టేశాడు. నేను పొంగిపోయాను కూడా.

సాయంత్రం పక్కింటి సూరమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. భర్త పోయినప్పటినుంచి ఆమె నూతికి ఆ సందులోంచే వెళుతుంది. పొద్దున్నే పనిమీద బయలుదేరేవారికి వితంతువు ఎదురు రాకూడదంటారు కదా.

"ఇంక నానెటు ఎల్తాను వదినా?"

"వీధిలోంచే రా. ఎవరేమంటారో నేను చూస్తాను," అన్నాను గట్టిగానే.

సూరమ్మ నవ్వింది. "ఎవరో ఏటి అనడం? మొన్న మీ ఆయన కోర్టుకి ఎల్తంటే నానెదురొచ్చేను. నువ్వే కదా ఆయన్ని ఎనక్కి పిలిసి, మంచినీల్లిచ్చి కూకోబెట్టేవు."

ఆమె వెళ్లాక ఈ పుస్తకం తీశాను.

రేపు ఇంజనీరు వెళ్లేలోపు ఆ సందు ఉంచమని చెప్పాలి. దేనికని మళ్లీ అడుగుతాడు. సూరమ్మ కోసమని చెబితే అబద్ధమవుతుంది. అది నావంటివాళ్ల కోసమే ఉందని ఏ నోటితో చెప్పను...