పరగడుపు మాత్ర

పాకాల
అమ్మా కోమలీ,

మేం బాగున్నాం. చేయి వణుకుతుంటే తిరుపతి డాక్టరు పార్కిన్సన్స్ మొదటి దశ అని మాత్ర రాశాడు. నాకు నమ్మకం లేదు.

"అన్నానికి ముందే మింగల్లంట" అని మీ అమ్మ పోరు. ఖాళీ కడుపున మందేమిటని పంచె మడతలో దాచి, పప్పూ సంగటీ తిన్నాకే మింగేవాణ్ణి. వణుకు తగ్గలేదు.

"సూసినావా, అంతా మోసం!" అన్నాను.

నిన్న పెరటాసి నెల శనివారం, తిరుపతి కొండ స్వామికి ఒక్కపొద్దు. మీ అమ్మ ఎదుట నిలబడి పరగడుపునే మింగించింది. కాసేపటికి చేయి కుదురుకుంది. ఇది మాత్ర పని కాదు, స్వామి చలవేనని నా అనుమానం. డాక్టరును అడిగి రాయి.

శ్రీసిటీలో నీ షిఫ్టు మారిందా?

పోయిన కార్డులో నా అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నావు. ఈసారి చూడు, అక్షరాలకు కార్డే చాలలేదు. మీ అమ్మకు చెప్పొద్దు. చల్లగా ఉండు.

నాయన వరదయ్య